రథశాల నుంచి గ్యారేజీ దాకా: పాతబడే కారు కలకాలం నిలుస్తుందా?

ఈ మధ్య మన యువకుల నోట ఒక మాట తరచుగా వినబడుతోంది. "ఇరవై ఏళ్ళ కిందటి మంచి కారు ఇప్పుడు చవకగా దొరుకుతుంది. కొని దాచుకుంటే రేపు వింటేజ్ అవుతుంది, లక్షలు పలుకుతుంది" అని. ఇంకొందరు దీన్ని కొట్టిపారేస్తారు. "అదంతా పాతకాలం ఇనప బండ్లకే చెల్లింది. ఇప్పటి కార్లన్నీ కంప్యూటర్లూ ప్లాస్టిక్కూ. ఇరవై ఏళ్ళు దాటితే పాత సామాన్ల కొట్టుకే" అంటారు. ఇద్దరిలో ఎవరిది నిజం?

ధమ్మ పుస్తకంలో కార్ల సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, "ఏ వస్తువైనా కలకాలం నిలుస్తుందా?" అన్నది తథాగతుడు మన ముందు పెట్టిన మొదటి ప్రశ్నల్లో ఒకటి. రెండోది, మన ఇళ్ళలో నాలుగు రూపాయలు మిగలడం ఈ రెండు తరాల నుంచే మొదలైంది. ఆ రూపాయి ఎటు పోవాలన్నది డబ్బు లెక్క మాత్రమే కాదు, శీలానికి సంబంధించిన విషయం కూడా. అందుకని కొంచెం ఓపిగ్గా విచారిద్దాం.

1. పసేనది రాజు రథశాల

కోసల రాజు పసేనది భార్య మల్లికాదేవి చనిపోయింది. రాజు దుఃఖంలో మునిగిపోయాడు. తథాగతుడు ఆయన ఇంటికి వచ్చి, రాజు రథాలు పెట్టుకునే చావడిలో కూర్చున్నాడని ధమ్మపదం అట్ఠకథ చెబుతుంది. అక్కడ వరసగా రథాలున్నాయి. "ఈ రథం ఎవరిది?" అని బుద్ధుడు అడిగాడు. మా తాతగారిది అన్నాడు రాజు. మరి ఇది? మా నాన్నగారిది. ఇది? ఇది నాది.

అప్పుడు బుద్ధుడు రాజుకు చెప్పినదాని సారం ఇది: ఇంత అందంగా చెక్కించిన రాజరథాలే జీర్ణమైపోతే, శరీరం జీర్ణం కాకుండా ఉంటుందా? మంచివాళ్ళు ఒకరికొకరు అందించుకునే ధమ్మానికి మాత్రమే ముసలితనం లేదు. ఈ సందర్భానికి చెందిన గాథ ధమ్మపదంలో జరావగ్గంలో ఉంది.

ఈ కథలో మనం సాధారణంగా గమనించని సంగతి ఒకటుంది. పసేనది రథశాల ఆ కాలపు వింటేజ్ గ్యారేజీయే. తాత రథాన్ని ఎవరూ పారేయలేదు, విరగ్గొట్టి పొయ్యిలో పెట్టలేదు. మూడు తరాల బండ్లను ఒకే కప్పు కింద భద్రంగా ఉంచారు. బుద్ధుడు కూడా "ఎందుకు దాచావు?" అని రాజును మందలించలేదు. ఆ రథాలనే పాఠంగా వాడుకున్నాడు. అంటే పాత వస్తువును ఉంచుకోవడం వల్లే తప్పు పుట్టదు. దాన్ని చూసి మనం ఏం నేర్చుకుంటున్నామన్నదే అసలు విషయం.

2. నాగసేనుడు విప్పిన రథం

మిలింద రాజుకూ నాగసేన భిక్షువుకూ జరిగిన సంవాదం మీలో చాలామందికి తెలుసు. రాజు రథం మీద వచ్చాడు. ఇరుసు రథమా? చక్రం రథమా? కాడి రథమా? అని భిక్షువు ఒక్కొక్కటీ అడిగాడు. ఏదీ కాదు. అన్నీ విడదీస్తే రథం కనబడదు. అన్నీ ఒక పద్ధతిలో కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం. వజిర భిక్షుణి కూడా ఇదే పోలికతో మారుడి ప్రశ్నకు బదులిచ్చిందని సంయుత్త నికాయంలో ఉంది.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో అనిత్యతను మూడు విధాలుగా వివరించారు. భాగాలు కలిసి ఏర్పడినవి అనిత్యం. వ్యక్తిగా జీవి అనిత్యం. కారణాల మీద ఆధారపడిన వాటి స్వభావం అనిత్యం. ఇందులో మొదటిదీ మూడోదీ కారుకు అతికినట్టు సరిపోతాయి. కారు వేలాది భాగాల కూడిక. ఆ కూడిక నడవాలంటే బయటి నుంచి కూడా చాలా కావాలి. పెట్రోలు బంకు, విడి భాగాలు, బాగుచేసే చెయ్యి, నడపనిచ్చే చట్టం, దాన్ని ఇష్టపడే మనిషి. వీటిలో ఒక్కటి తప్పుకున్నా కారు బొమ్మగా మిగులుతుంది. దీన్నే మనం పటిచ్చ సముప్పాదం అంటాం. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది.

కాబట్టి "ఈ కారు నిలుస్తుందా?" అని అడిగేముందు "ఏయే కారణాలు ఉంటే నిలుస్తుంది? ఆ కారణాలు ఎంతకాలం ఉంటాయి?" అని అడగాలి. ధమ్మం నేర్పే పద్ధతి ఇదే.

3. పాత కారు ఎందుకు బతికింది?

అంబాసిడర్ కారునే తీసుకుందాం. ఇంగ్లాండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా తయారుచేసింది. అర్ధ శతాబ్దానికి పైగా రూపం పెద్దగా మారలేదు. అందుకే ఒక బండి చెడిపోతే ఇంకో బండి భాగం దానికి సరిపోయేది. ఇనప రేకు, కార్బ్యురేటర్, నాలుగు వైర్లు. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషను మీద కూర్చున్న మేస్త్రి లేని భాగాన్ని కూడా తిప్పి ఇవ్వగలిగేవాడు. ఎక్కడ ఆగిపోయినా, పదో తరగతి తప్పిన కుర్రవాడు కూడా బానెట్ ఎత్తి, చూసి, విని, వాసన పట్టి రోగం చెప్పేవాడు.

అంటే పాత కారుకు దీర్ఘాయుష్షు లోహం గొప్పదనం వల్ల రాలేదు. దాని కష్టం మనిషి కంటికి కనబడేది, చేతికి అందేది. తెలిసిన చేతులు దేశమంతా ఉండేవి.

ఇక్కడ మనవాళ్ళం గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. ఇలాంటి కార్లు ప్రదర్శనకు పెట్టినప్పుడు పక్కన బోర్డు మీద యజమాని పేరుంటుంది. దాన్ని బతికించిన మేస్త్రి పేరు ఉండదు. చేతిపనిని తక్కువగా చూడడం ఈ దేశపు పాత రోగం. చెక్కినవాడు, కుట్టినవాడు, కరిగించి పోతపోసినవాడు కింద, వాడుకున్నవాడు పైన. కారు విషయంలోనూ అదే నడుస్తోంది.

4. కొత్త కారు ఎందుకు బతకదంటారు?

1990ల నుంచి కారు స్వభావం మారింది. ఇంజనులోకి ఇంధనం ఎంత పోవాలో లెక్కగట్టే పని కార్బ్యురేటర్ నుంచి కంప్యూటర్ పెట్టెకు మారింది. ఆ పెట్టెలో కెపాసిటర్లు ఉంటాయి. బండి నడిచినా, షెడ్డులో నిలబెట్టినా కాలంతోపాటు వాటి లోపలి ద్రవం ఆరిపోతుంది, కారుతుంది. దొంగలు ఎత్తుకుపోకుండా తాళంచెవిలో చిప్పు పెట్టారు. ఆ చిప్పునూ పెట్టెనూ జతకలిపే సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరే ఉంటుంది. ముట్టుకుంటే మెత్తగా ఉండాలని లోపలి బటన్లకు వేసిన పూత పదిహేను ఇరవై ఏళ్ళకు జిగురులా కరిగి వేళ్ళకు అంటుకుంటుంది. ఫెరారీ లాంటి ఖరీదైన కార్లకు కూడా ఈ జబ్బు తప్పలేదు.

ఎయిర్‌బ్యాగ్ సంగతి ఇంకా పెద్ద పాఠం. తకాటా అనే జపాన్ కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల్లో వాడిన రసాయనం ఏళ్ళ తరబడి వేడికీ తేమకూ చెడిపోయి, తెరుచుకునేటప్పుడు లోహపు పెట్టె పేలి, ప్రాణం కాపాడవలసిన వస్తువే ప్రాణం తీసింది. ప్రపంచమంతటా కోట్ల సంఖ్యలో వాటిని వెనక్కి పిలిపించారు. బండిని కదపకుండా దాచినా దాని లోపల కాలం పనిచేస్తూనే ఉంటుందని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇంకో సంగతి. 2022లో అమెరికాలో 3జీ ఫోను నెట్‌వర్క్‌ను మూసేశారు. దాంతో కొన్ని కార్లలో ప్రమాదం జరిగితే సహాయానికి ఫోన్ చేసే ఏర్పాటు ఆగిపోయింది. కారులో ఏ భాగమూ విరగలేదు. ఎక్కడో ఒక టవరు ఆపేశారు, ఇక్కడ కారులో ఒక అవయవం చచ్చిపోయింది. కారణాల గొలుసు ఎంత పొడవు సాగిందో చూడండి. విద్యుత్ కార్ల విషయంలో ఈ గొలుసు మరింత పొడుగు. బ్యాటరీ వాడినా ముసలిదవుతుంది, వాడకపోయినా ముసలిదవుతుంది.

5. ఎదుటివాదన కూడా వినాలి

ఒకవైపే విని తీర్పు చెప్పడం బౌద్ధుల పద్ధతి కాదు. కొత్త కార్లు కూడా నిలుస్తాయనేవాళ్ళ దగ్గరా బలమైన సాక్ష్యం ఉంది.

జపాన్‌లో నిస్సాన్ కంపెనీ 1989లో వచ్చిన స్కైలైన్ జీటీ-ఆర్ కారుకు ఆగిపోయిన భాగాలను 2017 నుంచి మళ్ళీ తయారుచేసి అమ్ముతోంది. మాజ్డా తన మొదటి తరం రోడ్‌స్టర్‌ను కంపెనీలోనే బాగుచేసి ఇచ్చే ఏర్పాటు పెట్టింది. టయోటా 2020 నుంచి పాత సుప్రా కార్లకు భాగాలు చేయడం మొదలుపెట్టింది. ఇవన్నీ ఎలక్ట్రానిక్ కాలపు కార్లే. చెడిన కంప్యూటర్ పెట్టెలను విప్పి కెపాసిటర్లు మార్చే పనివాళ్ళు తయారయ్యారు. దొరకని ప్లాస్టిక్ ముక్కను 3డీ ప్రింటర్ మీద తీస్తున్నారు.

మెక్‌లారెన్ ఎఫ్1 కథ ఇంకా విచిత్రం. 1990లలో 106 కార్లే చేశారు. వాటికి సర్వీసు చేయాలంటే ఆ కాలపు కంపాక్ ల్యాప్‌టాప్ ఒకటి కావలసి వచ్చేది. కారు విలువ కోట్లు, దాని ప్రాణం మాత్రం పాత సామాన్ల కొట్లో వెతుక్కోవలసిన ల్యాప్‌టాప్ మీద. అయినా కంపెనీ వాటిని నడిపిస్తూనే వచ్చింది. 2021లో అలాంటి కారు ఒకటి అమెరికా వేలంలో 2 కోట్ల డాలర్లకు పైగా పలికింది.

కాబట్టి "కొత్త కారు నిలవదు" అన్న మాట పూర్తిగా నిజం కాదు. తగినంతమంది ఇష్టపడి, తగినంత డబ్బు పెట్టి, తగినంత నేర్పు పోగుచేస్తే నిలుస్తుంది. కానీ ఈ "తగినంత" ఏ కారుకు దొరుకుతుంది? వేలల్లో ఒకదానికి. మన వీధిలో తిరిగే సామాన్య కారుకు కంపెనీ ముప్పై ఏళ్ళ తర్వాత కెపాసిటర్లు చేసి ఇవ్వదు. మారుతి 800 మన దేశంలో 1983 నుంచి 2014 దాకా లక్షల్లో తయారైంది. మొట్టమొదట అమ్మిన బండిని కంపెనీయే బాగుచేయించి తన కార్యాలయంలో నిలబెట్టుకుంది. ఆ ఒక్కటీ చరిత్ర. ఆ తర్వాతి లక్షల బండ్లు కరిగి వేరే ఇనుమయ్యాయి, అవుతున్నాయి. లక్ష రూపాయల కారని 2008లో లోకమంతా చెప్పుకున్న నానో తయారీ కూడా పదేళ్ళకు ఆగిపోయింది.

చట్టం లెక్క కూడా చూద్దాం. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తర్వాత పరీక్ష చేయించి, రుసుము కట్టి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుమును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. ఢిల్లీ ప్రాంతంలో పాత డీజిల్ బండ్లకు 10 ఏళ్ళు, పెట్రోలు బండ్లకు 15 ఏళ్ళు అని కోర్టులే గీత గీశాయి. వింటేజ్ అనే గుర్తింపు రావాలంటే 2021 నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్ళు నిండాలి. అప్పుడు 'వీఏ' అనే ప్రత్యేక నంబరు, 20,000 రూపాయల రుసుము. వచ్చాక కూడా దాన్ని రోజువారీ పనికి గానీ కిరాయికి గానీ తిప్పకూడదు. 15 ఏళ్ళకూ 50 ఏళ్ళకూ మధ్య 35 ఏళ్ళ లోయ ఉంది. ఆ లోయలో కారు కొత్తదీ కాదు, పురాతనమూ కాదు. ఖర్చు మాత్రమే ఉంటుంది.

6. ధర ఎక్కడ పుడుతుంది?

ఫెరారీ 250 జీటీఓ అనే కారు 1962 నుంచి 1964 వరకు మూడు డజన్ల దాకా తయారైంది. పందేల కాలం అయిపోయాక, 1960ల చివర్లో అవి కొన్ని వేల డాలర్లకే చేతులు మారాయి. 2018లో వాటిలో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. ఇనుము అదే, అల్యూమినియం అదే. మారింది మనుషుల కోరిక. 1980ల చివర్లో ఈ పాత ఫెరారీల ధర ఆకాశానికంటి, 1990 తర్వాత దబ్బున పడిపోయింది. అప్పు తెచ్చి కొన్నవాళ్ళు మునిగిపోయారు. అప్పుడూ ఇనుము మారలేదు.

దీనికి దగ్గరి ఉదాహరణ మన నేల మీదే ఉంది. అమరావతి మహాస్తూపం. 18వ శతాబ్దం చివర్లో అక్కడి శిల్పాల పలకలు కొందరికి ఇంటి గోడకు పనికొచ్చే రాళ్ళు. ఇంకొందరికి కాల్చితే సున్నం అయ్యే రాళ్ళు. నిజంగానే చాలా పలకలను సున్నం బట్టీల్లో కాల్చారు. 1797లో అక్కడికి వచ్చిన కాలిన్ మెకంజీకి అవే రాళ్ళు చరిత్ర. మిగిలినవాటిలో కొన్ని ఈనాడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. ఒకే రాయి ఒకడికి సున్నం, ఒకడికి నిధి, మనకు తథాగతుడి జ్ఞాపకం.

ధర మనసులో పుడుతుంది. మనసు మారితే మారుతుంది. కాబట్టి ధర పెరుగుతుందని వస్తువును దాచేవాడు నిజానికి ఇతరుల తణ్హ మీద పందెం కడుతున్నాడు. "రేపు నాకంటే ఎక్కువ ఆశపడేవాడు ఒకడు రావాలి" అన్నదే అతని ఆశ. ఆ వచ్చేవాడికీ అదే ఆశ. ఈ గొలుసులో చివరివాడి చేతిలో మిగిలేది దుక్ఖం.

7. మనకు బండి అంటే ఏమిటి?

ఇంత చెప్పి "కార్లు మాయ, వదిలేయండి" అని ముగిస్తే అది మన ధమ్మం కాదు. పేదరికాన్ని బుద్ధుడు పొగడలేదని బాబాసాహెబ్ నొక్కి చెప్పారు. న్యాయంగా సంపాదించమన్నారు, ఆ సంపాదనకు బానిస కావద్దన్నారు. పైగా బండి విషయంలో మన చరిత్ర వేరు.

బాబాసాహెబ్ చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు సతారా నుంచి తండ్రి పనిచేసే ఊరికి బయలుదేరారు. మసూర్ స్టేషన్‌లో దిగాక, పిల్లల కులం తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, ఆ పిల్లలే ఎడ్లను తోలుకున్నారు. బండివాడు పక్కన నడిచాడు. 1929లో, ఆయన పెద్ద చదువులు చదివి వచ్చాక కూడా, చాలీస్‌గావ్‌లో టాంగావాళ్ళు ఆయనను తీసుకెళ్ళమన్నారు. మనవాళ్ళే ఒక టాంగా సంపాదించి, తోలడం రాని మనిషి చేత తోలించారు. వంతెన దగ్గర అది తిరగబడి ఆయన కాలు విరిగింది. ఈ రెండు సంగతులూ ఆయనే రాసిపెట్టారు. పెళ్ళికొడుకు గుర్రమెక్కితే రాళ్ళు పడే ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకని మన వాడలో మొదటి కారు వచ్చిన రోజు ఊరంతా వచ్చి చూసిందంటే అందులో డాంబికం లేదు. అది ఆత్మగౌరవం. ఆ కారును అమ్మకుండా ఉంచుకోవాలని ఒక కొడుక్కి అనిపిస్తే, దాన్ని తణ్హ అని తేలిగ్గా తీసిపారేయలేం. మరి గీత ఎక్కడ గీయాలి?

8. ఉంచుకోవడం వేరు, పట్టుకు వేలాడడం వేరు

అనాథపిండికుడికి తథాగతుడు గృహస్థుడి నాలుగు సుఖాలు చెప్పాడు. న్యాయంగా సంపాదించిన సొమ్ము ఉందన్న సుఖం. దాన్ని అనుభవిస్తూ మంచిపనులకు వాడే సుఖం. అప్పు లేని సుఖం. తప్పు చేయలేదన్న సుఖం. పాత కారుకు ఈ నాలుగింటినీ పెట్టి చూడండి.

ఒక ఉదాహరణ అనుకుందాం. 2025లో 28 ఏళ్ళ యువకుడు 6 లక్షలు అప్పు తెచ్చి 2005 నాటి విదేశీ కంపెనీ కారు కొన్నాడు. వడ్డీ 12 శాతమైతే మొదటి ఏడాది వడ్డీయే 72,000. ఇన్సూరెన్సు, షెడ్డు, ఒక్కో కంప్యూటర్ పెట్టెకు అయ్యే ఖర్చు వేరే. ఆ కారు మన చట్టం ప్రకారం వింటేజ్ అయ్యేది 2055లో. అప్పటికి ఇతనికి 58 ఏళ్ళు. ఈ మధ్యలో చెల్లెలి ఇంజనీరింగ్ ఫీజు ఉంటుంది, అమ్మ ఆపరేషన్ ఉంటుంది. నాలుగు సుఖాల్లో మూడోది మొదటిరోజే పోయింది. రెండోది లేనే లేదు, ఎందుకంటే విలువ తగ్గుతుందని దాన్ని నడపడు కూడా.

సింగాలుడికి చెప్పిన లెక్క ఇంకా సూటిగా ఉంది. సంపాదనను నాలుగు భాగాలు చేయి. ఒకటి అనుభవించు, రెండు పనిలో పెట్టు, నాలుగోది ఆపదకు దాచు. పాత కారు మీద మోజు ఉంటే అది మొదటి భాగంలోంచి రావాలి. ఆపద భాగాన్ని ముట్టుకోకూడదు. దాన్ని పెట్టుబడి అని పేరుమార్చి పనిలో పెట్టే భాగంలో చేర్చడం మనల్ని మనం మోసగించుకోవడం.

పట్టుకు వేలాడుతున్నామో లేదో తెలుసుకోవడానికి నాలుగు ప్రశ్నలు చాలు.

ఒకటి: దీని ధర రేపు సున్నా అని తెలిస్తే కూడా దీన్ని ఇష్టంగా తుడుస్తానా?

రెండు: దీని మీద గీత పడితే నా ఇంట్లో ఎవరైనా భయపడతారా?

మూడు: దీన్ని బాగుచేసిన మనిషి పేరు నాకు తెలుసా? అతనికి న్యాయమైన కూలి ఇచ్చానా?

నాలుగు: ఎవరికైనా చదువుకో వైద్యానికో అవసరమైతే దీన్ని వదలగలనా?

ఈ నాలుగింటికీ మనసు సూటిగా జవాబిస్తే ఆ కారు మీ ఇంట్లో ఉండడంలో దోషం లేదు. తడబడితే, కారు మీ షెడ్డులో లేదు, మీరే దాని షెడ్డులో ఉన్నారు.

మరో మాట. బండికి నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, ఆయుధపూజ చేస్తే అది నిలుస్తుందనుకోవడం మనం 22 ప్రతిజ్ఞలతో వదిలేసి వచ్చిన దారి. బండి నిలిచేది సమయానికి ఆయిలు మారిస్తే, బ్రేకు చూపిస్తే, మెలకువతో నడిపితే.

9. దాచదగినవి ఏవి?

బౌద్ధ సంప్రదాయంలో చైత్యాలను మూడు రకాలుగా చెబుతారు. శరీర ధాతువులు, ఆయన వాడిన వస్తువులు, ఆయనను తలపించే రూపాలు. రెండోదాన్ని పరిభోగిక చైత్యం అంటారు. అంటే వాడిన వస్తువును జ్ఞాపకంగా ఉంచడం మనకు కొత్త కాదు. నాగపూర్ దగ్గర చిచోలి శాంతివన్‌లో బాబాసాహెబ్ వాడిన దుస్తులు, టైపు మిషను భద్రపరిచారు. ఆ టైపు మిషను వేలంలో ఎంత పలుకుతుందని అక్కడికి వెళ్ళిన ఎవరూ అడగరు. దాని మీద ఏం పుట్టిందో తలుచుకుంటారు. అక్కడ కూడా హారతులిచ్చే భక్తి పనికిరాదు. రాజకీయాల్లో భక్తి, వ్యక్తిపూజ పతనానికి దారి అని రాజ్యాంగ సభలో 1949 నవంబర్ 25న ఆయనే హెచ్చరించారు.

కాబట్టి ఒక వస్తువును కాలానికి ఎదురు నిలబెట్టాలంటే అది ఏదో ఒకటి నేర్పాలి. మన కుటుంబంలో మొదటి కారు అలాంటిదే అనుకోండి. దాన్ని ఉంచే స్తోమత ఉంటే ఉంచండి. లేకపోతే ఒక ఫోటో, ఆ తాళంచెవి, అది ఎలా వచ్చిందో రెండు పేజీల రాత చాలు. ఆ రెండు పేజీలకు కెపాసిటర్లు అక్కర్లేదు.

ఇక ఉంచలేని బండి సంగతి. కోశాంబి రాజు ఉదేనుడి రాణులు ఆనందుడికి 500 వస్త్రాలు దానం చేశారు. ఇన్ని ఏం చేసుకుంటావని రాజు ఆనందుణ్ణి అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతాను అన్నాడు. మరి ఆ చిరిగినవి? దుప్పట్లు. అవీ పాతబడితే? పరుపు గలీబులు, తర్వాత నేలపరుపులు, కాళ్ళు తుడుచుకునే గుడ్డలు, దులిపే గుడ్డలు. చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి నేలకు మెత్తుతాం. రాజుకు ఆ మాట నచ్చింది. వస్తువును గౌరవించడమంటే అదీ. ముసలిదైన కారును కూడా అలాగే సాగనంపవచ్చు. పనికొచ్చే భాగాలు ఇంకో బండికి, ఇనుము కొలిమికి. విషపు బ్యాటరీ, నూనె ఎక్కడపడితే అక్కడ కాలవలో పోకుండా చూడాలి. దాన్ని విప్పే కుర్రవాడి చేతికి తొడుగు ఉండాలి. ఆ కుర్రవాడు ఎక్కువసార్లు మనలాంటి ఇంటివాడే.

10. చివరి మాట

మొదటి ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పుకోవచ్చు. ఈనాటి కార్లలో కొన్ని రేపు వింటేజ్ అవుతాయి. అవి చాలా కొద్ది. అవీ వాటంతట అవి నిలవవు, ఎవరో పూనుకుని నిలబెడుతూ ఉండాలి. ఆ పూనిక ఆగిన రోజు వాటి ఆయుష్షు కూడా ఆగుతుంది. "కలకాలం" అనే మాట ఏ కారుకూ వర్తించదు.

1955లో తయారైన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కూపే లోకంలో రెండే రెండు. కంపెనీ వాటిని దాదాపు 67 ఏళ్ళు తన దగ్గరే ఉంచుకుంది. 2022లో ఒకదాన్ని 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్మి, ఆ సొమ్ముతో విద్యార్థుల ఉపకార వేతనాలకు నిధి పెడుతున్నామని ప్రకటించింది. అన్నేళ్ళు తాళం వేసి ఉన్నప్పుడు ఆ కారు ఒక్క పిల్లవాడికీ చదువు చెప్పలేదు. వదిలిన రోజే చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద కంపెనీకి అది ప్రచారం కూడా కావచ్చు. అయినా దానిలోని పాఠం మనకు పనికొస్తుంది.

మన దగ్గర కోట్ల కారు లేదు. ఉన్నది నెలకు మిగిలే కొంత సొమ్ము, కొంత నేర్పు. ఆ సొమ్ముతో మీ వాడలో ఒక పిల్లకు పుస్తకాలు కొనండి. ఆ నేర్పు మీకు మెకానిక్ పని రూపంలో ఉంటే ఇంకో ఇద్దరికి నేర్పండి. పాత కారు ఇష్టమైతే అప్పు లేకుండా కొనుక్కుని, ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని బుద్ధవిహారానికి నడుపుకు రండి. దారిలో వాళ్ళకు పసేనది రథశాల కథ చెప్పండి. బండి ఏదో ఒకరోజు ఆగిపోతుంది. విన్న మాట వాళ్ళ పిల్లల దాకా పోతుంది.

నమో బుద్ధాయ! జై భీమ్!